రెండు గుంటల గ్యాసు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో మనం చెబితే లోకం వింటుందనే జబ్బొకటి ఉంటుంది, నాకు కాస్త ముదిరింది. తొంభైల మొదట్లో డిగ్రీ అయి విజయవాడలో గాలికి తిరుగుతుంటే, ఓ స్వచ్ఛంద సంస్థవాళ్ళు పట్టుకుని పామర్రు దగ్గర ఓ పల్లెకి తోలారు. ఉద్యోగం పేరు మోటివేటరు. (మా నాన్న చుట్టాలందరికీ 'గ్యాసు కంపెనీలో ఆఫీసరు' అని చెప్పుకున్నాడు. చేసేది ఇంటింటికీ తిరిగి పేడ అడుక్కోవడం.) ఊరందరి పేడా ఒకే గుంటలో పోస్తే, పైనున్న ఇనప డ్రమ్ములో గ్యాసు నిండి, గొట్టాల్లోంచి అందరి పొయ్యిలకీ వెళ్తుంది. సైకిలెక్కి గొంతు పోయేలా అరిచాను. పేట మొదట్లో ఉన్న గోడ మీద 'మన పేడ, మన గ్యాసు' అని నా చేత్తోనే రాసి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను.

పేట అంటే ఊరి బయటిది. అక్కడివాళ్ళు తాకిన చెంబు ఊళ్ళోవాళ్ళు ముట్టరు. అయినా అందరికంటే ముందు పేడ తట్ట నెత్తిన పెట్టుకొచ్చింది పేటలో నేను 'పిన్నీ' అని పిలిచే ఒకావిడే. (నేనలా పిలిస్తే ఊరి ప్రెసిడెంటుగారు కళ్ళెర్రజేసేవారు.) పిన్నికి దగ్గు, ఆగని దగ్గు. పొగకి దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు మిగలవన్నాడు పామర్రు డాక్టరు. "ఎట్టాగైనా నా పొయ్యికి గొట్టం ఏయించు బాబూ, నీ పేరు చెప్పుకుని నాలుగేళ్ళు బతుకుతా" అంది. సంస్థ ఇచ్చిన కొత్త స్టవ్వుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పొయ్యి పక్కనే పెట్టుకుంది.

గొట్టం ముందు ఊళ్ళోకి వేశారు. పేటకి రెండో విడత అన్నారు, నమ్మాను. డ్రమ్ము లేచింది, ప్రెసిడెంటుగారింట్లో నీలం మంట వెలిగింది, కొబ్బరికాయ కొట్టారు. ఆయన తల్లి, మామ్మగారు, దొడ్లో పిడకల దాలి మీద ఎర్రగా కాగిన పాలు గ్లాసు నిండా పోసి ఇచ్చింది. వేలెడు మీగడ. ఆహా అన్నాను.

వారం తిరక్కుండా మామ్మగారికి ఎవరో ఊదారు, గుంటలో పేట పేడ కూడా కలుస్తోందని. అంతే, స్టవ్వు వాకిట్లోకొచ్చి పడింది. "ఆ గ్యాసు మీద మహానైవేద్యం వండమంటావా? సిగ్గులేదూ నీకు?" అని నా మీద విరుచుకుపడింది. ప్రెసిడెంటుగారు పరిష్కారం కనిపెట్టారు. "గొడవెందుకయ్యా, పేట పేడకి వేరే గుంట తవ్విద్దాం." గుంట తవ్వారు. దానికి డ్రమ్ము మాత్రం ఎప్పటికీ రాలేదు. పేట పేడ ఆగిపోయేసరికి, ఊళ్ళోవాళ్ళ పేడ సగం పొలాలకే పోవడంతో, మొదటి గుంట మీద డ్రమ్ము కూడా గ్యాసు చాలక కూలబడింది. పిన్నికి చెబితే "గేదెల్లో గూడా పేట గేదె, ఊరి గేదె ఉంటాయా బాబూ?" అని నవ్వింది. నవ్వు దగ్గయింది, ఎంతకీ తెమల్లేదు. స్టవ్వుని అటకెక్కించి, మళ్ళీ పిడకలు కొట్టుకుంది.

సంస్థవాళ్ళు పొమ్మన్నారు. వెళ్ళేముందు చెప్పొద్దామని ప్రెసిడెంటుగారింటికెళ్తే, దొడ్లో పిన్ని పిడకల తట్ట దించి పోతోంది. మామ్మగారు వాటిని దాలిలో పేర్చుకుంటోంది.

"మామ్మగారూ, ఇవి పేట పిడకలు కదండీ!"

"అవును, బాగా ఎండబెడుతుంది. పాలు కమ్మగా కాగుతాయి."

"ఇదీ ఆ పేడే కదండీ మరి?"

"నిప్పులో కాలిందానికి మైలేంటిరా?"

"గ్యాసూ నిప్పులోనే కాలుతుందండీ!"

"చదువుకున్నావుగా, నోరు బాగానే లేస్తోంది. పాలు తాగి బయల్దేరు."

ఒళ్ళు మండిపోయింది. కానీ తాగే బయల్దేరాను.

చాలా ఏళ్ళకి బందరు బస్సులో పోతూ పామర్రులో దిగి ఆ ఊరు వెళ్ళాను. గోడ మీద నా అక్షరాలు కనపడనంత దగ్గరగా పిడకలు కొట్టి ఉన్నాయి. కొట్టినావిడ పిన్ని కోడలట. పిన్ని నేను వెళ్ళిపోయిన ఏడాది వానాకాలం కూడా దాటలేదంది. చెబుతూ చెబుతూ దగ్గింది. సైకిలు మీద 'మన, మన' అని అరుచుకుంటూ తిరిగిన ఆ వెర్రివెధవని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పాలు మాత్రం, ఏం చెప్పను, చాలా బాగుండేవి.