కేకల బాబాయి నెల రోజుల కొలువు

ముప్ఫై ఒక్క ఏళ్ళు పాత కోర్టు వరండాలో నిలబడి వాది ప్రతివాదుల్ని పిలిచిన మనిషి ఆయన. ఒక్కొక్కరి పేరు మూడుసార్లు. మూడో పిలుపుకీ పలక్కపోతే కేసు పోయినట్టే. అందుకే మూడోసారి బాగా సాగదీసేవాడట, టీకి వెళ్ళినవాళ్ళు పరిగెత్తుకు రావడానికి. ఊళ్ళో అందరికీ ఆయన 'కేకల బాబాయి'.

ఆయన రిటైరైన ఏడాదే కోర్టు కొత్త భవనానికి మారింది. అక్కడ పిలిచే మనిషితో పని లేదు, తెర మీద అంకెలు వెలుగుతాయి. పాత భవనాన్ని హోటల్ చేశారు. సాక్షుల గదిలో పరుపులు పడ్డాయి. జడ్జిగారి బల్ల ఉన్నచోట రిసెప్షన్ వెలిసింది. పిన్ని పోయాక ఇంట్లో పలకరించే దిక్కులేని బాబాయి, వెళ్ళి మేనేజరును పని అడిగాడు.

"నెల రోజులు చూస్తా పెద్దాయనా. కారు వచ్చిందని అతిథుల దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పాలి. మెల్లగా! ఇది కోర్టు కాదు."

"ఈ వయసులో గుసగుసలు నేర్పిస్తారన్నమాట. సరే బాబూ."

గొంతు నొక్కుకుని ఇరవై తొమ్మిది రోజులు నెట్టుకొచ్చాడు. ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం హాలు కిటకిటలాడుతోంది. పన్నెండో గదిలో దిగినాయన ఎంత వెతికినా కనబడలేదు. రైలు తప్పిపోతుందని డ్రైవరు ఒకటే గోల. బాబాయి కాళ్ళు వాటంతటవే వరండాలోకి నడిచాయి.

"పన్నెండో గది వారూ... పన్నెండో గది వారూ... పన్నెండో గది వారూ...!"

ఆ గది ఆయన ఎక్కణ్ణుంచో ఉరుక్కుంటూ వచ్చి కారెక్కాడు. కానీ హాల్లో ఓ మూల, భోజనానికొచ్చిన ముసలావిడ కూడా అప్పటికే లేచి నిలబడి ఉంది. ఆస్తి తగాదాలో పదకొండేళ్ళు ఆ వరండాలోనే పడిగాపులు పడిన మనిషట. చేతిసంచి గుండెలకు అదుముకుంది.

"వచ్చానండీ, ఇక్కడే ఉన్నాను."

"అమ్మా, ఏంటిది! కూర్చో, అందరూ చూస్తున్నారు," అని కూతురు చెయ్యి పట్టి లాగింది. ఆవిడ కూర్చోలేదు.

బాబాయి దగ్గరికెళ్ళాడు. "ఇవాళ వాయిదా పడిందమ్మా. నింపాదిగా భోంచేసి వెళ్ళండి."

అప్పుడు కూర్చుంది.

సాయంత్రం మేనేజరు బాబాయి చేత హోటల్ కోటు విప్పించాడు. "జనం ఇక్కడికి విశ్రాంతి కోసం వస్తారు పెద్దాయనా. మీరేమో హడలగొడుతున్నారు."

చూడ్డానికి వెళ్ళిన నాకు ఇదంతా చెప్పి బాబాయి మంచమ్మీద దుప్పటి సవరించాడు. "ఉద్యోగం పోతే పోయింది. ఆవిడ మొదటి పిలుపుకే లేచిందిరా. అంత భయపెట్టానా నేను? సాగదీసి సాయం చేస్తున్నాననే అనుకున్నాను."

నేను లేచాను. బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు. రేపు కూడా రమ్మన్నాడు, నా వైపు చూడకుండా.