నా మంచి కంట్లో అమ్మ మందు

బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ ముందుగది ఎంతంటే, టీవీ తుమ్మితే ఎదురుగోడ తడుస్తుంది. ఆ రెండింటి మధ్య అమ్మ మంచం. వీధిలోకి వెళ్లాలంటే టీవీ ముందునుంచే దాటాలి. సీరియల్ వేళ అలా దాటడంకన్నా గూడ్సుబండికి అడ్డం వెళ్లడం మేలు. డ్రైవరు కనీసం హారన్ కొడతాడు.

ఆ మధ్య అమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు పడకపోతే కన్ను దక్కదన్నాడు డాక్టరు. టీవీ కూడా వద్దన్నాడు. అమ్మ ఆ కన్ను అరచేత్తో మూసి రెండోదాంతో చూసేది.

"ఆయన ఒక కన్నే కదేట్రా కోసినాడు?"

మూడోనాటి సాయంత్రం తెర మీద కోడలు అత్తగారి మందులో ఏదో కలిపింది. ఉరుములతో, మెరుపులతో, నాలుగు వైపులనుంచీ కలిపింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ చుక్కల సీసాతో వచ్చింది. అమ్మ తల వెనక్కి లాక్కుంది.

"ముందు నా కొడుకు కంట్లో ఎయ్యి."

"మీ అబ్బాయికి శుక్లం లేదు కదత్తా!"

"నేకపోతే ఏటి? ఆడి కన్ను నిలబడితే నాకెయ్యి."

మా ఆవిడ ఈ ఊళ్లోనే పుట్టింది. కోపం ముదిరితే సగం హిందీ. "అచ్ఛా! అయితే మీరే వేసుకోండి. బస్, నా డ్యూటీ ఖతమ్!"

షెడ్డులో కొండంత ఇంజన్లు విప్పే చేతులు కదా అని నేను ప్రయత్నిస్తే మందు అమ్మ చెవిలో పడింది. ఇక గతిలేక మా ఆవిడను బతిమాలి నా తలే ఎత్తాను. కసిగా నా కంట్లో మూడు చుక్కలు వేసింది. ప్రకటనలు అయ్యేదాకా అమ్మ నా కంట్లోకి చూసి, వేళ్లు లెక్కపెట్టించి, అప్పుడు తన కన్ను తెరిచింది.

ఆ వారం కాలనీలో తెలుగు అత్తలందరూ టీ కూడా ముందు కొడుకుల చేతే తాగించారని వినికిడి.

రోజుకు నాలుగుసార్లు షెడ్డునుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి కన్ను అప్పజెప్పేవాణ్ని. పర్మిషన్ కాగితం మీద కారణం ఏమని రాయను? రతన్‌పూర్ బస్సెక్కి పారిపోదామనిపించేది. కానీ నేను లేకపోతే అమ్మ కంటికి మందు లేదు.

చివరికి డాక్టరు టీవీ చూడొచ్చు, మందు మాత్రం ఆపొద్దన్నాడు. ఆ సాయంత్రం అమ్మ అరచెయ్యి తీసింది.

"ఓలమ్మ! ఈ అత్తకి కోడలికన్నా వయసు తక్కువున్నట్టుందే! మొకాన జానెడు సున్నం! అంతా ఏసాలే!"

రెండు కళ్లతోనూ తెరను ఎగాదిగా చూసింది. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఒలే, మందేసే ఏలయిపోనాది. బేగి రా," అంది.

మా ఆవిడ వచ్చి అలవాటు కొద్దీ నా గడ్డం పట్టుకుంది.

"ఆడినొగ్గీ. నాకెయ్యి."

నాకు విడుదల! ఆనందంతో లేచి గుమ్మం వైపు ఒక్క అడుగు వేశాను.

"ఒరే, టీవీకి అడ్డం! కూకో!"

కూర్చున్నాను.