ఎడమ పక్క బ్రేకు

కొత్తగూడెంలో కారు నడిపే ఆడవాళ్లను ఆపి ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, సగం మంది ప్రమీలారాణి పేరే చెబుతారు. టీచర్లు, నర్సులు, బొగ్గుబాయి ఉద్యోగుల భార్యలు, అందరికీ ఆమె ‘మేడం’. పద్నాలుగేళ్లుగా ఆమె డ్రైవింగ్ స్కూలుకు ఉన్నది ఒకటే బండి, తెల్లటి చిన్న కారు. అందులో నేర్చుకునేవాళ్ల కాలి కింద ఒక బ్రేకు, ఎడమ సీట్లో కూర్చునే ప్రమీలారాణి కాలి కింద ఇంకో బ్రేకు. ఆమె వైపు బ్రేకు మీది రబ్బరు అరిగిపోయి మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. అవతలి బ్రేకు రబ్బరు మాత్రం బండితో వచ్చినదే, దాని మీది గాట్లు కూడా చెరగలేదు. రోజూ పొద్దున బండి తుడుస్తూ ఆమె ఆ రెండింటినీ చూసేది. చూసి, గుడ్డ పిండుకుని లోపలికి వెళ్లిపోయేది.

కారు నేర్పే మనిషి కదా, గుండెధైర్యం గల మనిషి అనుకుంటారు జనం. అదేం లేదు. ఆమెంత పిరికి మనిషి ఆ బజారులోనే లేదు. భర్త లూకా పోయాక పిల్లను సాకడానికి చేతిలో ఉన్న ఒకే ఒక విద్య డ్రైవింగ్ కాబట్టి దిగింది గానీ, ఇష్టపడి కాదు. ఎదురుగా కోడిపిల్ల కనిపించినా కాలు బ్రేకు మీదికి పోతుంది. బస్సెక్కినా, ఆటో ఎక్కినా కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం జోరందుకున్నా అమ్మ కాలు నొక్కుతుందని కూతురు మహిమ వేళాకోళం చేసేది. ఆ భయం వల్లనే పద్నాలుగేళ్లలో బండికి ఒక్క గీత పడలేదని ప్రమీలారాణికి లోలోపల గర్వం. ఆ సంగతి స్కూలు బోర్డు మీద ఎర్రరంగుతో రాయించింది కూడా.

ఇప్పుడా బండికి వయసు మీద పడింది. వచ్చే ఏడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేది లేదని ఆర్టీవో ఆఫీసులో ముందే చెప్పేశారు. సరే, అదే బండి కొత్తది తీసుకుందామని షోరూముకు వెళ్లింది. అక్కడ సేల్స్ చూసే అనిల్‌కుమార్ ఆమెకు పాత పరిచయం. కారు కొని నడపడం రానివాళ్లను ఆమె దగ్గరికి పంపేది అతనే. ఆ రోజు షోరూములో కొనేవాడన్నవాడు లేడు. అనిల్‌కుమార్ ఒక్కడే కూర్చుని, తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తున్నాడు.

“ఆ బండి ఇగ రాదక్కా. కంపెనీ బంద్ పెట్టింది,” అన్నాడు.

“బంద్ పెట్టుడేంది? ఊరంత అవే తిరుగుతున్నయ్ గద?”

“తిరిగేటివి పాతయి. కొత్తయి ఎవరు కొంటలేరు. చిన్న బండి కొనేటోడు అసలు బండి కొనుడే మానుకున్నడు. చేతనైనోడు ఎత్తు బండే కావాలంటున్నడు. అమ్ముడుపోని దాన్ని చేసుడెందుకని కంపెనీ చిన్నయన్ని తీసేసి గివే ఉంచింది.” పక్కన నిలబెట్టిన పెద్ద బండిని చూపించాడు. “ఇవి గూడ నెలకి పది పొయ్యేకాడ మూడు పోతున్నయ్. మమ్మల్ని ఎన్నొద్దులు కొలువుల ఉంచుతరో తెల్వదు.”

అతని ముఖం చూస్తే ఆమెకు జాలేసింది గానీ, సొంత భయం ముందు ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. ఖమ్మంలో రెండో బ్రేకులు బిగించే మోతీలాల్‌కు అక్కడి నుంచే ఫోన్ చేసింది.

“ఆ ఎత్తు బండికి నేను బిగియ్య మేడం,” అన్నాడతను. “దాని లోపలంత కంప్యూటరే. ఏడ కదిలిస్తే ఏం ఆగిపోతదో నాకే సమజ్ కాదు.”

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆలోచనంతా అటే పోయింది. ఉన్న బండి ఏడాదిలో పోతుంది. రాబోయే బండిలో తన కాలి కింద ఏమీ ఉండదు. బ్రేకు లేకుండా, నేర్చుకునేవాళ్ల చేతిలో ప్రాణం పెట్టి పక్కన కూర్చోగలదా? కూర్చోలేకపోతే స్కూలు మూసుకోవడమే.

సరిగ్గా ఆ వారమే ప్రసూన వచ్చింది. తల్లాడ దగ్గర తోటలున్న కుటుంబం వాళ్లది, కాపురం పాల్వంచలో. మూడేళ్ల కిందట ప్రమీలారాణి దగ్గరే నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇప్పుడు భర్త ఎత్తు బండి కొన్నాడు.

“ఓ నాలుగు రోజులు పక్కన కూర్చోండి మేడం, మా బండిలోనే. నాకు రాక కాదు, ధైర్యం కోసం,” అంది ప్రసూన.

ప్రమీలారాణి కాదనబోయి ఆగింది. రేపు తనకు రాబోయేదీ ఇలాంటి బండే. ఇప్పుడే చూసుకుంటే తేలిపోతుంది కదా అనుకుంది.

మర్నాడు పొద్దున పదింటికి పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డు పట్టారు. రెండు పక్కలా అడవి. రోడ్డు ఖాళీగా ఉంది, ప్రసూన చక్కగానే నడుపుతోంది. ప్రమీలారాణి మాత్రం కింద మ్యాటును తొక్కీ తొక్కీ, పిక్క పట్టేసి, పళ్లు బిగబట్టి కూర్చుంది. చెట్ల సందుల్లోంచి ఏదో ఒకటి రోడ్డు మీదికి దూకుతుందనే ఆమె భయం.

చెట్ల సందుల్లోంచి ఏదీ దూకలేదు. ముందు ఇసుక లారీ ఒకటి పోతోంది. దాని మీద కప్పిన పట్టా అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. మలుపు దగ్గర గేదెలు అడ్డం రావడంతో లారీ వెనక ఎర్ర లైట్లు వెలిగాయి.

“లారీ ఆగుతోంది,” అని ప్రసూన పైకే అంది. యాక్సిలరేటర్ మీది కాలు తీసింది. తీసి, ఊరికే కూర్చుంది.

బండి పోతూనే ఉంది. ప్రమీలారాణి కాలు మ్యాటులో దిగబడింది, అక్కడ ఏమీ లేదు. చెయ్యి హ్యాండ్‌బ్రేకు కోసం పోయింది. ఆ బండికి హ్యాండ్‌బ్రేకు కర్ర ఉండదు, ఎక్కడో చిన్న బటన్ ఉంటుందట. ఆమె చేతికి తగిలింది నీళ్ల సీసా. లారీ వెనక రాసిన నంబరు పెద్దదైపోతోంది. తల తిప్పి చూస్తే ప్రసూన ముఖంలో కంగారన్నదే లేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది.

“కాలు! ప్రసూనా, నీ కాలు పెట్టు!”

బండి ఒక్క ఊపు ఊగి ఆగింది. లారీ పట్టా నుంచి కారే నీళ్లు బానెట్ మీద టపటపా పడుతున్నాయి. అంత దగ్గర. గేదెలు తీరిగ్గా దాటిపోయాయి, లారీ కదిలి వెళ్లిపోయింది. వీళ్లిద్దరూ అక్కడే ఉండిపోయారు.

“అదేంటి మేడం,” అంది ప్రసూన. “బ్రేకు వేశాననే అనుకున్నాను. మీ బండిలో అయితే ఆగాలనుకోగానే ఆగేది కదా!”

ప్రమీలారాణికి అప్పుడు గుర్తొచ్చాయి ఆ రెండు రబ్బర్లు. మూడుసార్లు అరిగింది తనది. గాట్లయినా చెరగనిది వాళ్లది. పద్నాలుగేళ్లు ఆ బండిని ఆపింది తన కాలు. వాళ్లు ఆగాలనుకునేలోపే తను ఆపేసేది, తామే ఆపామనుకుని వాళ్లు మురిసిపోయేవాళ్లు, శెభాష్ అని తను మెచ్చుకునేది. ఒక్క గీత పడలేదని బోర్డు రాయించింది. ఎంతమందికి నేర్పింది? ఎనిమిది వందలా, వెయ్యా? వాళ్లంతా ఇప్పుడు ఎక్కడెక్కడి రోడ్ల మీద ఉన్నారో!

ఆ వెయ్యి మందిలో మహిమ ఒకతి.

మహిమ భద్రాచలంలో కిరాయికుంటూ, పర్ణశాల అవతల ఒక ఊరి దవాఖానాలో నర్సుగా చేస్తోంది. రోజూ అడవి దారిన, ఈమధ్యే కొన్న సెకండ్‌హ్యాండ్ చిన్న కారులో ఒక్కతే పోయొస్తుంది. కూతురు కాబట్టి, ఆరేళ్ల కిందట ప్రమీలారాణి ఆమెకు అందరికంటే జాగ్రత్తగా నేర్పింది. అంటే, అందరికంటే ముందుగా బ్రేకు నొక్కింది.

కారులోనే కూర్చుని ఫోన్ చేసింది. కలవలేదు. ప్రసూనకు స్టీరింగ్ ఇవ్వకుండా తనే నడుపుకుని పాల్వంచలో ఆమెను దింపి, బస్టాండులో నిలబడి మళ్లీ చేసింది. అడవిలో సిగ్నల్ ఉండదని తెలుసు. తెలిసీ వేళ్లు ఆగలేదు. ఎవరో మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ గంటన్నరలో ఆమె చెయ్యని ప్రార్థన లేదు. మధ్యాహ్నం అన్నం వేళకు మహిమే చేసింది.

“ఏందమ్మా, గన్నిసార్లు చేసినవ్? బాగనే ఉన్నవా?”

“నేను బాగనే ఉన్న బిడ్డా. ఒక్క మాట నిజం చెప్పు. నీ బండి ఎప్పుడన్న ఆగకుంట పోయిందా?”

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

“మహిమా!”

“నీకెవరు చెప్పిండ్రమ్మా?” అంది మహిమ మెల్లగా. “పోయిన నెల కల్వర్టు గోడకి తగిలింది. నాకేం కాలే, బంపరే పోయింది. నువ్వు భయపడ్తవని చెప్పలే. ఏమైందో నాకే తెల్వదమ్మా. బ్రేకు కొట్టిన అనే అనుకున్న.”

ప్రమీలారాణి ఎదురుగా వచ్చి ఆగిన భద్రాచలం బస్సు వైపు చూసింది.

“ఇగ ఆ బండి ముట్టకు. ఆయితారం బస్సుల రా,” అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ స్కూలు బండిలో గ్రౌండుకు పోయారు. అక్కడ మనుషులెవరూ లేరు. ప్రమీలారాణి ఇంటి నుంచి తెచ్చిన నీలం ప్లాస్టిక్ కుర్చీని అటు చివర పెట్టి వచ్చింది. ఎడమ సీట్లో కూర్చుని చెప్పులు విడిచింది. రెండు కాళ్లూ పైకి తీసుకుని బాసింపట్టు వేసుకుని, కుడి పాదాన్ని తొడ కింద అదిమి పెట్టింది.

“గట్ల కూసున్నవేందమ్మా?”

“నేను లేననుకో. కుర్చీ దాక పోయి ఆపు.”

“నాకు భయమైతుంది.”

“నాకు గూడ అయితుంది. నడుపు.”

బండి కదిలింది. సెకండ్ గేరు పడింది. కుర్చీ దగ్గరికొస్తుంటే ఆమె కాలు తొడ కింద నుంచి బయటికి రావాలని గింజుకుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముందుకు కాకుండా కూతురి ముఖంలోకి చూస్తూ కూర్చుంది. మహిమ కళ్లు కుర్చీ మీదే ఉన్నాయి. కాలు యాక్సిలరేటర్ మీది నుంచి లేచింది. లేచి, గాలిలోనే ఆగిపోయింది. ప్రసూన ముఖంలో చూసిన నిదానమే ఇక్కడా ఉంది. ఆరేళ్ల తర్వాత కూడా పిల్ల అమ్మ కాలి కోసమే చూస్తోంది.

టప్పున చప్పుడైంది. కుర్చీ ఎగిరి దూరంగా పడి దొర్లింది. అప్పుడు పడింది బ్రేకు.

మహిమ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ప్రమీలారాణి పైటతో చెమట తుడుచుకుంది గానీ కాలు కిందికి దించలేదు.

“దిగి కుర్చీ నిలబెట్టి రా బిడ్డా,” అంది. “మళ్ల పోదాం.”