ఓటములతో మొదలైన సన్మాన పత్రం

ఎమ్మెల్యే గారు మా గల్లీకి వస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా కండెల పెద్దమ్మ. ఆ లాక్‌డౌన్ రోజుల్లో కబుర్లు తిరిగినంత స్వేచ్ఛగా మనుషులు తిరగడానికి లేదు. సూరత్ లింబాయత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగిపోయి, ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన మాకు నిద్రపట్టక, ఏ ఇంట్లో ఎవరు దగ్గినా గల్లీ అంతా చెవి ఒగ్గే కాలం అది. ఇప్పుడు తలుచుకుంటే అంత భయంలోనూ దేవుడు మాకు నవ్వుకోవడానికి ఇంత మిగిల్చాడే అని చేతులు జోడించాలనిపిస్తుంది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. సాంచాలకు నూలు కండెలు చుట్టి చుట్టి ఆ పేరు పడింది. ఆమె కిటికీకి, మా వంటింటి కిటికీకి మధ్య జానెడు సందు. అందులోంచి తల పెట్టి, ఆయాసపడుతూ అంది: "బిడ్డా, ఎమ్మెల్యే సాబ్ వస్తున్నడట. బియ్యం పంచనీకి. పెద్దమేస్త్రి చెప్పిండు. గిప్పుడన్న నా బిడ్డ కాడికి పోతనేమో!"

పెద్దమ్మకు ఒక్కతే కూతురు. సిరిసిల్ల దగ్గరి పల్లెలో కాపురం. తొలి కాన్పు, నెలలు నిండాయి. అత్త లేదు, అల్లుడు మగ్గాల పనికి పోయి భివండీలో చిక్కుకుపోయాడు. ఆ పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంది. తల్లి ఇక్కడ, రైళ్ళు బంద్. ఇక్కడున్న ఆ వైపు ఊళ్ళ వాళ్ళంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నారు కానీ, దానికి పై నుంచి అనుమతి రావాలి. ఆ అనుమతి ఎన్ని రోజులైనా కదలడం లేదు. ఎమ్మెల్యే ఒక్క ఫోన్ చేస్తే కదులుతుందని పెద్దమేస్త్రి లెక్క. (పెద్దమేస్త్రి అంటే మా గల్లీ తెలుగువాళ్ళకు పెళ్ళికైనా, పంచాయితీకైనా ముందు నిలబడే మనిషి. సాంచాలు మరమ్మతు చేసే చేయి ఆయనది. మనుషుల్ని కూడా అలాగే బాగుచేయవచ్చని ఆయన నమ్మకం.)

"ఊకె పోయి పని అడిగితే మర్యాద గాదు," అన్నాడాయన, మా గడప అవతల నిలబడి, మూతికి కట్టిన రుమాలు సర్దుకుంటూ. "సన్మానం జెయ్యాలె. శాలువా కప్పాలె, సన్మాన పత్రం సదవాలె. గప్పుడు ఆయన మనసు మెత్తగైతది. గప్పుడు అడగాలె. ఏమ్మా పండితురాలా, రాస్తవా?"

ఆ పండితురాలు నేనే. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా తాతయ్య పగలు సాంచా నడిపి, సాయంత్రం నన్ను ఒడిలో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆయన దగ్గర ఉన్నవి పురాణాలే కాబట్టి నేను చదివినవీ అవే. ఈ జన్మకు ఆ రుణం తీరేది కాదు. కానీ నిజం చెప్పాలంటే, అప్పటికి దేవుళ్ళవీ భక్తులవీ తప్ప మామూలు మనిషి జీవిత చరిత్ర ఒక్కటీ నేను చూసి ఎరుగను. వాటిలో ఎవరికీ సుఖంగా కిరీటం రాదు. అరణ్యవాసం లేని పట్టాభిషేకం నేనెక్కడా చదవలేదు. కనుక ఎమ్మెల్యే గారి చరిత్ర కూడా ఆయన పడిన కష్టాలతోనే మొదలవాలని నిశ్చయించుకున్నాను. పద్దెనిమిదేళ్ళ వయసులో నిశ్చయాలకు కొదవేముంది!

అయితే ఆయన కష్టాలు ఎవరికి తెలుసు? (ఆయన పేరేమిటో, ఏ పార్టీయో నేను చెప్పను, మీరూ ఊహించవద్దు.) గల్లీలో అందరికీ ఆయన గెలిచారని తెలుసు, అంతే. ఆయన ఎన్నికల చరిత్ర మొదటి నుంచీ నోటికి వచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు. మా చిన్నాన్న. ఎందుకంటే ప్రతి ఎన్నికలోనూ చిన్నాన్న ఆయనకు ఎదుటి పక్షం.

"ఆయన చరిత్ర నాకంటె ఎక్కువ ఎవనికెరుక?" అన్నాడు చిన్నాన్న, ఉత్సాహంగా గోడకు చేరగిలబడి. లాక్‌డౌన్ మొదలయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు చూడటం అదే. "రాసుకో. మొదాలు ఏ పార్టీ టికెట్ ఇయ్యకపోతె ఒక్కడే నిలవడ్డడు. డిపాజిట్ గల్లంతు! రెండోసారి టికెట్ దొరికింది. గెలుస్తనని ముందుగాలనే పటాకులు గూడ తెచ్చి పెట్టుకున్నడు. ఓడిపోయిండు. ఆ పటాకులు మేమే అగ్గువకు కొనుక్కొని ఆయన గల్లీలనే కాల్చినం."

"చిన్నాన్నా, గెలిచింది కూడా చెప్పు."

"గెలిచిన్నాడు నాకు తలకాయనొప్పి. ముసుగుతన్ని పన్నుకున్న. గది నాకెరుక లేదు."

నేను శ్రద్ధగా రాసుకుంటున్నాను. ఉన్నట్టుండి చిన్నాన్న గొంతు తగ్గింది. "ఆ పటాకులు కాల్చిన్నాడు ఒకటైంది. ఆయన ఇంటి ముంగట నిలవడి గొంతులు పోయేదాక అరుస్తున్నం. లోపటికెల్లి వాళ్ళమ్మ వచ్చింది. ముసలామె. తిడుతదనుకున్నం. కేట్లీ పట్టుకొచ్చి అందరికి చాయ్ పోసింది. 'గొంతులు ఎండినయి బేటా, తాగి మల్ల అరువుండ్రి' అన్నది. నేను గూడ తాగిన. తాగినంక అరుద్దామంటె నోరు రాలె. ఒక్కొక్కడు గమ్మున ఇంటికి నడిచినం." అంతలోనే తేరుకుని, "ఏయ్, గిది రాయకు. మా పార్టీకి ఇజ్జత్ పోతది," అన్నాడు.

కానీ ఆయన చెప్పిన మొత్తంలో నాకు దేవుడు కనిపించింది అక్కడే. రాయకుండా ఎలా ఉంటాను?

సన్మానం రోజు రానే వచ్చింది. దుకాణాలన్నీ మూసి ఉంటే శాలువా ఎక్కడ దొరుకుతుంది? పెద్దమేస్త్రి తన దగ్గరున్న కొత్త సూరత్ చీర ఒకటి, మామిడి పిందెల అంచు పైకి కనపడేటట్టు, శాలువాలా మడతపెట్టాడు. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలి కదా, అందుకని దాన్ని పొడవాటి వెదురు బొంగు కొసకు తగిలించి, దూరం నుంచే ఎమ్మెల్యే గారి భుజం మీదికి దించాడు. జారుడు గుడ్డ! భుజం తగలగానే మడతలన్నీ విడిపోయి, గజాలకు గజాలు కిందికి దిగి, ఆయన చెప్పుల చుట్టూ కుప్పపడింది. ఒక సందులోంచి ఎవరో అత్త, "అయ్యో, పసుపు కుంకుమ గూడ పెట్టుండ్రి!" అంది. మాస్కులు ఉండబట్టి బతికిపోయాం. లేకపోతే మా అందరి పళ్ళూ ఆయనకు కనిపించేవి. ఆయన పాపం ఓపికగా చీరను చేతి మీదికి చుట్టుకుని, పెద్ద నామం దిద్దిన గుండ్రటి ముఖాన్ని నా వైపు తిప్పి, చదవమన్నట్టు తలూపారు.

నేను చదివాను. "మహాశయా! ప్రథమ సమరమున మీకు ధరావతు సైతము దక్కకపోయినను మీరు చలింపలేదు. ద్వితీయ సమరమున విజయము మీ ముంగిటి వరకు వచ్చి పొరుగింటికి వెడలిపోయినను మీరు కుంగలేదు..." మాస్కులోంచి నా గ్రాంథికం నాకే వింతగా వినిపిస్తోంది. ఆయనకు తెలుగు రాదు. కాబట్టి ప్రతి ఓటమికీ సంతోషంగా తల పంకిస్తున్నారు. పటాకుల దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ ఎత్తి నమస్కారం కూడా పెట్టారు. గల్లీ మొత్తం ఊపిరి బిగబట్టింది. పెద్దమేస్త్రి నుదుటి మీద చెమట. తన చేతిలోని బొంగుతో నన్ను పొడవాలో, తను ఆనుకుని నిలబడాలో తెలియని స్థితి.

చదవడం అయింది. ఎమ్మెల్యే గారు, "ఏం రాసింది?" అని గుజరాతీలో అడిగారు.

పెద్దమేస్త్రి ఒక్క అంగలో ముందుకొచ్చాడు. "తారీఫ్ హై సాబ్! పూరా తారీఫ్!" అంతా పొగడ్తేనట.

"అంతసేపు చదివిందిగా, రెండు ముక్కల్లో అయిపోయిందా?" అని ఆయన నవ్వారు. "ఆ అమ్మాయినే చెప్పనీ."

నాకు గుజరాతీ వచ్చు. అబద్ధం రాదు. దేవుణ్ణి తలుచుకుని మొదటి ముక్క నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. డిపాజిట్ దగ్గర ఆయన నవ్వు ఆగింది. పటాకుల దగ్గర ఆయన వెంట వచ్చిన సహాయకుడు నా వైపు చూసిన చూపుకు నా ఉబ్బసం తిరగబెట్టేదే. కిటికీలో పెద్దమ్మ కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేలకేసి చూస్తోంది. నాకు అప్పుడు, సరిగ్గా అప్పుడు, తెలిసింది నేనేం చేస్తున్నానో. ఆమె కూతురి కాన్పుకూ ఆమెకూ మధ్య ఉన్న ఒక్క దారిని నా పాండిత్యంతో మూసేస్తున్నాను. కానీ మధ్యలో ఆపితే ఓటములు మాత్రమే మిగులుతాయి. అందుకని ఆ చాయ్ సంగతి కూడా, ఏడుపు గొంతుతోనే, చెప్పేశాను.

ఆయన చేతి మీది చీరను మళ్ళీ సర్దుకున్నారు. తర్వాత ఆయన మెల్లగా అడిగారు: "ఆ చాయ్ తాగినవాళ్ళు ఎవరైనా ఇక్కడున్నారా?"

గల్లీ చివర, నీళ్ళ డ్రమ్ము వెనక నుంచి ఒక చేయి లేచింది. చిన్నాన్న. (జన్మలో ఆ పార్టీ వాళ్ళ ఎదుట పడనని ఒట్టు పెట్టుకున్న మనిషి!)

"కైసీ థీ చాయ్?" అని అడిగారాయన హిందీలో.

చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు. "అద్రక్ జర జ్యాదా థా సాబ్."

ఎమ్మెల్యే గారు ఒక్కసారిగా పకపకా నవ్వారు. "అవును, అల్లం దగ్గర ఆమె చెయ్యి ఆగేది కాదు!" అన్నారు. నవ్వుతూనే చేతి మీది చీరతో కళ్ళు ఒత్తుకున్నారు. ఆ రోజు తను లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నానని, నినాదాలు ఉన్నట్టుండి ఆగిపోతే ఊరేగింపు ముందుకు వెళ్ళిపోయిందనుకున్నానని చెప్పారు. చాయ్ పోసిన సంగతి తల్లి ఆయనకు ఎప్పుడూ చెప్పనే లేదు. ఆయన గెలవడానికి ముందే ఆమె కన్నుమూసింది. "ఎన్నో సన్మానాలు చేశారు నాకు," అన్నారు. "అన్నింట్లోనూ నేను గెలిచిన రోజే పుట్టినట్టు రాస్తారు. మా అమ్మ ఒక్కదాంట్లోనూ లేదు."

పెద్దమేస్త్రి రాత్రంతా వల్లెవేసిన విన్నపం ఎత్తుకోబోయాడు. "మహోదయ్, హమారే సమాజ్ కీ ఓర్ సే..." అంతవరకూ వచ్చాడో లేదో, కిటికీలోంచి పెద్దమ్మ, "సాబ్, మేరీ బేటీ అకేలీ హై. బచ్చా హోనేకా హై. మేరెకు భేజో," అంది. పెద్దమేస్త్రి విన్నపం అక్కడితో సమాప్తం. ఎమ్మెల్యే గారు అక్కడే, ఎండలో నిలబడి, ఫోన్ తీశారు.

బస్సు బయలుదేరింది. పెద్దమ్మ వెళ్ళింది. క్వారంటైన్ అని ఊళ్ళోకి రానివ్వకుండా బడిలో ఉంచారు. కూతురు రోజూ సాయంత్రం పొట్ట పట్టుకుని బడి ముందుకు వచ్చి దూరంగా కూర్చుంటే, ఈమె గదిలోంచి అరిచి పథ్యాలు చెప్పేదట. బాలింతకు ఏం పెట్టాలో ఆ ఊరి మగవాళ్ళందరికీ కంఠతా వచ్చేసిందని చెప్పుకునేవాళ్ళు. బడి నుంచి వదిలాకే నొప్పులు మొదలయ్యాయి. పిల్లవాణ్ణి మొదట చేతుల్లోకి తీసుకున్నది అమ్మమ్మే. అంత సమయానికి అన్నీ అమర్చిన దేవుడికి ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

నేనిప్పుడు సూరత్ పక్కనే కామ్‌రేజ్‌లో ఉంటున్నాను. పిల్లలకు తెలుగు చెబుతాను. ఎవరికైనా సన్మానం అంటే పత్రం రాయమని ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. పద్ధతి నేర్చుకున్నాను లెండి: గెలుపులు, పదవులు, ప్రశంసలు వరసగా పేర్చుతాను. ఒక్క తప్పూ ఉండదు. అందరూ చప్పట్లు కొడతారు, ఎవరి కళ్ళూ తడవవు. అలాంటప్పుడు ఆ మాస్కు వెనకాల వణుకుతూ గ్రాంథికం దంచిన పిల్లను తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను. దాని అమాయకత్వంలో చిటికెడు నా దగ్గర మిగిలి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మహమ్మారి సద్దుమణిగాక వచ్చిన ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. తన పక్షం గెలిచినా చిన్నాన్న ఆ రోజు ఊరేగింపు డప్పుల ముందుకు వెళ్ళలేదు. ఫలితం తెలిసి పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసింది. వెనకాల మనవడి అల్లరి వినిపిస్తోంది. "ఎన్ని ఓట్లు, ఎవలు గెలిచిన్రు, గదంత నాకెందుకు బిడ్డా," అంది. "ఆ సాబు ఇయ్యాల బువ్వ తిన్నడా లేదా? ఎవలన్న అడిగిన్రా?"

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. గెలిచినవాళ్ళను గుర్తుపెట్టుకోవడానికి లోకం ఉంది. మీరు సాయంత్రం దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు, ఓడిపోయిన ఆ ఒక్క మనిషినీ ఒక్క క్షణం తలుచుకోండి. పేరు చెప్పలేదు కదా అంటారేమో, దేవుడికి తెలుసు.