పాట అయ్యాక వేద్దామన్న ఇంజను

మొన్న క్రిస్మస్ మధ్యాహ్నం ఏలూరులో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు టీవీలో ఒక పాత హాలీవుడ్ ఆటపాటల సినిమా పెట్టింది. నల్లకోట్లవాళ్ళు బూట్లు టకటకలాడిస్తూ బల్లలెక్కి తిరుగుతున్నారు. నా పక్కన కూర్చున్న తమ్ముడు కుడిచెవి టీవీ వైపు తిప్పాడు. ఎడమచెవి నేను పోగొట్టిందే.

గణపవరంలో ఉన్న రోజుల్లో ప్రార్థన నుంచి వచ్చి, భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ ఆ సినిమా చూడడం మాకు పండగలో భాగం. ఏటా అదే క్యాసెట్టు. మాలో ఇంగ్లీషు తమ్ముడికే వచ్చు, అదీ సగమే. మిగతా సగం కల్పించేవాడు. హీరో మోకాళ్ళ మీద కూర్చుంటే, "మీ నాన్నగారి మిల్లు ఊక మా పెరట్లో పడుతోందండీ అంటున్నాడు" అనేవాడు. అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకునేది.

ఒక ఏడు పండగకి మూడు రోజుల ముందు నుంచీ మబ్బు. మబ్బు వదలకపోతే మేం పెంచే చెరువులో చేపలకి ఊపిరాడదు; ఇంజను వేసి ఆ నీళ్ళే తోడి మళ్ళీ చెరువులోకే చిమ్మాలి. పండగ రోజు వంతు నాది. సినిమా మధ్యలో తమ్ముడు రెండుసార్లు లేచాడు, తను వేసొస్తానని. వాడు వెళితే కథ చెప్పేవాడుండడని చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "ఈ పాట అవ్వనీరా" అన్నాను. పాట తర్వాత ఇంకో పాట వచ్చింది.

మేం వెళ్ళేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి. వంతెవరిదని నాన్నగారు అడిగారు. తమ్ముడు నోరు తెరిచాడు. వాడు చెప్పకముందే దోనెలోని గడకర్ర అందుకుని చెవి మీద కొట్టాను. గట్టు మీద పడ్డాడు. పడ్డవాణ్ణి తన్నాను. మళ్ళీ కొట్టాను, కర్ర విరిగేదాకా. కోపంతో కాదు, వాడు మాట్లాడకూడదని. చెవిలోంచి నెత్తురు మెడ మీదుగా పండగ చొక్కాలోకి దిగింది. నాన్నగారు నన్ను లాగేశారు. తమ్ముడు నా వంక చూశాడే గాని ఏమీ చెప్పలేదు. తప్పు వాడిదేననుకుంటూనే నాన్నగారు పోయారు.

మొన్న తెర మీద హీరో మోకాళ్ళ మీద కూర్చోగానే తమ్ముడు మనవరాలితో, "ఊక ఇంకా ఎత్తలేదంటమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను లేచి వాడి కుడిపక్కకి వెళ్ళాను. "ఆ రోజు ఇంజను వంతు నాది. అది బయటపడకూడదని వీణ్ణి కొట్టాను" అని అందరికీ వినపడేలా చెప్పాను. మా అమ్మాయి టీవీ ఆపబోయింది. తమ్ముడు వద్దని, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఈ పాట అవ్వనీ అన్నయ్యా."

పాట నాలుగు నిమిషాలే. మా ఇంట్లో అది అయ్యేసరికి ఇద్దరికీ జుట్టు నెరిసింది.