అనుమతి పొందిన ఆగ్రహం

రచయితల సంఘం కార్యదర్శిని ఇంట్లో భార్య కూడా 'కార్యదర్శిగారూ' అనే పిలుస్తుంది. అందులో వెటకారం ఉందని ఆయనకు ఇప్పటికీ తట్టలేదు. బీమా ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఎవరి మనసూ నొప్పించకుండా ఫైళ్లు రాసి రిటైరైన మనిషి. సంఘంలోనూ అదే పనితనం. హాలు మాట్లాడటం దగ్గర్నుంచి అధ్యక్షుడి కుర్చీకి మెత్త వేయించడం దాకా అన్నీ ఆయనే.

అలాంటి సంఘం నెత్తిన పిడుగు పడింది. సభ్యుడైన ఒక నవలాకారుడి పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించి, అతన్ని జైల్లో పెట్టింది. అతను కార్యదర్శికి చిన్ననాటి స్నేహితుడు. అతని భార్య వచ్చి ఒక్కటే అడిగింది.

"అన్నయ్యా, పేపర్లవాళ్లు ఆయన పేరు వెయ్యడం మానేశారు. మీరన్నా నలుగురిలో ఆ పేరు గట్టిగా చెప్పండి. జనం మర్చిపోతే ఆయన్నిక బయటికి వదలరు."

కార్యదర్శి మాటిచ్చాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అవి దొంగ కన్నీళ్లు కావు.

నిరసన సభకు పోలీసు అనుమతి కావాలి. అనుమతి కావాలంటే ఉపన్యాసాలు ముందే చూపించాలి. సెన్సారును చీల్చి చెండాడుతూ రాసిన ఉపన్యాసాలన్నీ చంకన పెట్టుకుని వెళ్లి, కార్యదర్శి దగ్గరుండి సెన్సారు చేయించాడు. అధికారి మర్యాదస్తుడు. టీ ఇప్పించాడు. నిప్పులూ గర్జనలూ ఎన్నైనా ఉంచుకోమన్నాడు. నవలాకారుడి పేరు, పుస్తకం పేరు మాత్రం తీసేయమన్నాడు. కార్యదర్శి అధికారి పెన్నే అడిగి తీసుకుని తన చేత్తోనే కొట్టేశాడు. అసలు సభే లేకపోవడం కన్నా ఇది నయం కదా అని దారంతా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. సంఘంలో ఎవరూ కాదనలేదు. తన ఉపన్యాసం పొట్టిదైపోయిందని అధ్యక్షుడు కాస్త నొచ్చుకున్నాడంతే.

సభ అదిరిపోయింది. ఒక్కొక్కరూ బల్ల గుద్ది మరీ మాట్లాడారు. ముందు వరసలో నవలాకారుడి భార్య, కొత్త వక్త లేచినప్పుడల్లా కొంచెం ముందుకు వంగేది. అతను కూర్చోగానే వెనక్కి వాలేది. ఆఖరున కార్యదర్శి లేచి హాలు యజమానికీ, మైకువాళ్లకూ, అనుమతిచ్చిన అధికారికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు.

జనం వెళ్లిపోయాక ఆమె దగ్గరికొచ్చింది. ముఖంలో కోపం లేదు, బాగా అలిసిపోయి ఉంది.

"సభ బాగా జరిగింది అన్నయ్యా. రేపు జైలుకెళ్లి ఆయన్ని చూడాలి. ఎవరి కోసం పెట్టారని అడిగితే ఏం చెప్పమంటారు?"

జవాబు చెప్పబోయి కార్యదర్శి ముందు అటూ ఇటూ చూశాడు. హాలు ఖాళీగా ఉంది. మైకు కూడా తీసేశారు. అయినా స్నేహితుడి పేరు ఆయన నోట పెగల్లేదు.