నేనే ఆ ఎర్ర రోడ్డు

చేవెళ్ల దిక్కు ఏ ఊరికి పోయినా, రోడ్డు మొదట్లో ఒక రాయి ఉంటది. దాని మీద ఎమ్మెల్యే పేరుంటది, సర్పంచి పేరుంటది. ఒకచోట కాంట్రాక్టరు బామ్మర్ది పేరు కూడా చూసిన. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్లల్లో ఒక్కరన్నా నన్ను పిలిచి, "నర్సింలూ, మీ ఊరి రోడ్డు అట్ల వంకరగ ఎందుకున్నది?" అని అడిగిన పాపాన పోలేదు. అడగకపోయినా చెప్తున్న. పేరు కోసం పట్టుబట్టిన మనిషికి ఆ పేరే ఎట్ల ఉరితాడయిందో వినండి.

మాది హిమాయత్‌నగర్. పట్నంలోది కాదు, మొయినాబాద్ మండలంలోది. ఈ సంగతి కూడా పుట్టినప్పటి నుంచి నేనే చెప్పుకుంటున్న. అవి హైదరాబాదుకు సాఫ్ట్‌వేరు పూనకం పట్టిన రోజులు. జావా నేర్చినోళ్ల కోసం కంపెనీ బస్సులు వచ్చినయి, వెనకనే పెళ్లి సంబంధాలు వచ్చినయి. నేను నేర్చింది కంప్యూటర్ల పటాలు గీసే పని.

"అంటే సర్వేయర్ లెక్కనా బిడ్డా?" అని మా అవ్వ అడిగేది.

"కాదవ్వా. ఉపగ్రహాలతోని చేసే పని."

"మరి ఆ ఉపగ్రహం బస్సు పంపదా?"

అట్ల ఇంట్లోనే లోకువైన రోజుల్లో, విదేశాల నుంచి నీళ్ల మిషన్ అని తెల్లోళ్ల జట్టు ఒకటి దిగింది. మా దిక్కు బోర్లల్లో ఏ నీళ్లు తాగొచ్చు, ఏవి తాగొద్దు అని పరీక్ష చేసి పటం మీద చూపించే పని వాళ్లది. జన్వాడలో ఒక ఫామ్‌హౌజు కిరాయికి తీసుకున్నరు. వాళ్లకు పెద్ద హెలెన్ మేడం. పటాలకు నన్ను పెట్టుకున్నరు. చేతిలో పట్టేంత జీపీఎస్ యంత్రం ఒకటి, మోటార్ సైకిల్ ఒకటి ఇచ్చిన్రు. బోరు పక్కన నిలబడి బటన్ నొక్కితే ఆ చోటు యంత్రంలో పడుతది. నొక్కినా నొక్కకున్నా ఇంకొకటి కూడా జరుగుతది: నేను తిరిగిన తొవ్వంతా అది గీత గీసుకుంటది. ఈ ముక్క యాది పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఎండాకాలమంతా తిరిగి పటం తయారు చేసిన. పటం కింద మూలన, చేసినవాళ్ల పేర్లు ఉంటయి. ఆ పేర్లు చూసే తర్వాతి మిషన్‌కు, ఆఫ్రికాకు, మనుషులను పిలుస్తరని జీపు డ్రైవర్ అంజన్న చెవిలో ఊదిండు. ఉరికిపోయి చూసిన. తెల్లోళ్ల పేర్లు వరసగా ఉన్నయి. అన్నిటి కింద 'స్థానిక సహాయం' అని ఉన్నది. ఆ సహాయం నేనే.

"మేడం, ఈ సహాయానికి పేరు లేదా?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగిన.

"జాగ లేదు నర్సింలూ."

"రెండు మండలాలు పట్టినయి మేడం. నా ఒక్క పేరు పట్టదా?"

ఆమె నవ్వింది. "సరే, పడితే పెట్టుకో. పొద్దున అచ్చుకు పోవాలె."

అచ్చుకు పంపే ముందు, పనికిరాని గీతలన్నీ పటం మీద కనబడకుండ తీసేయాలె. అది నా పనే. కానీ ఆ సాయంత్రం నాకు వేరే పనున్నది. నా పేరును మేడం పేరంత చేసిన. మనసుకు సాలలేదు. ఇంకొంచెం పెంచిన. ఇంగ్లీషులో ఉంటే మా ఊరోళ్లు చదవరని తెలుగులో కూడా పెట్టిన. అటెన్క దాన్నే చూసుకుంట కూసున్న, కొత్త పెండ్లికొడుకు అద్దం చూసుకున్నట్టు.

చేవెళ్ల మండల ఆఫీసు హాల్లో మీటింగు. సర్పంచులు, రైతులు అందరూ వచ్చిన్రు. దుప్పటంత పటాన్ని గోడకు కొట్టినం. నల్ల చుక్కలున్న బోర్ల నీళ్లు తాగొద్దని మేడం చెప్తున్నది, నేను తెలుగులో చెప్తున్న. ఒక్కరు కూడా చుక్కల దిక్కు చూస్తలేరు. మా ఊరి పెద్ద రైతు బుచ్చిరెడ్డి పటేలు లేచిండు.

"చుక్కల ముచ్చట తర్వాత. గీ ఎర్ర రోడ్డు ఎప్పుడు పడ్తది?"

తిరిగి చూసిన. యంత్రం గీసుకున్న గీతను తీసేసుడే మరిచిపోయిన. రోడ్లకు పెట్టిన ఎర్ర రంగుతోనే నా తిరుగుడంతా పటం మీద పరుచుకొని ఉన్నది! రింగు రోడ్డొస్తదని, భూముల రేట్లు లేస్తయని ఊరూరా నిద్రపట్టని కాలమది. తెల్లోళ్ల పటం మీద ఎర్ర గీత కనబడితే రోడ్డు కాక ఇంకేమనుకుంటరు?

"మంచిగనే ఉన్నది గని, నా చేన్ల మూడు సుట్లు ఎందుకు తిరిగింది?" అన్నడు పటేలు.

అక్కడ వాళ్ల కుక్క నన్ను తరిమింది. ఆ మాట అందరి ముందట ఎట్ల చెప్పాలె? "అది... సర్కిల్ పటేలా," అని నోరు జారిన.

"సర్కిలా!" పటేలు మీసం దువ్వుకుంట కూసున్నడు.

మా సర్పంచి మాణిక్యం లేచిండు. "పటేలు చేన్ల సర్కిల్ పెట్టి మా గల్లీని ఇడిసిపెడ్తరా? ఎవల్ని అడిగి గీసిన్రు?"

"అన్నా, కల్లు కంపౌండు కాడ నాలుగు లైన్లున్నయి!" అని వెనకకెల్లి ఒకడు అరిచిండు.

"ఆడ ట్రాఫిక్ ఎక్కువ కదరా!" అన్నడు ఇంకొకడు.

"అసలు గీసినోడెవడు?"

వెతికే పని లేకుండె. మూలన, మేడం కంటె పెద్ద అక్షరాలతోని, రెండు భాషల్లో ఉన్నడు.

"వాళ్లు ఏమంటున్నరు నర్సింలూ?" అని మేడం అడిగింది.

"నీళ్ల గురించి బాగ రంది పడుతున్నరు మేడం."

"మరి అందరూ ఆ ఎర్ర గీత మీద వేళ్లెందుకు పెడుతున్నరు?"

ఆమె కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి పోయింది. వేలితో గీత వెంట నడిచింది. గీత మా ఫామ్‌హౌజు గేటు కాడ మొదలై, మళ్ల అదే గేటుకు వచ్చింది. మధ్యలో ఒక ఇంటి కాడ దారపు ఉండ లెక్క చుట్టుకొని ఉన్నది.

"ఈ ఇంట్లో బోరున్నదా?"

"లేదు మేడం. మా చిన్నవ్వ ఉన్నది. జొన్నరొట్టెలు మంచిగ చేస్తది."

ఆమె కోపం చేయలేదు. చేస్తే బాగుండు. మెల్లగ అన్నది: "ఇది రోడ్డు కాదు నర్సింలూ. ఇది నువ్వు."

కొత్త పటం అచ్చయింది. రోడ్డు పోయింది, నా పేరు పోయింది. ఈసారి 'స్థానిక సహాయం' కూడా లేదు. ఆఫ్రికాకు అంజన్నను తీసుకపోయిన్రు. డ్రైవరును! ఎందుకని అడిగితే, ఆయనైతే వాళ్లు చెప్పిన తొవ్వల్నే పోతడట.

అది నేనింకా మరువలేదు. కానీ అసలు ముచ్చట అది కాదు. రోడ్డు లేదని ఎంత చెప్పినా ఊర్లె ఎవరూ నమ్మలేదు. "తీసేసిన్రంటే ఎవరో పెద్దోళ్ల చెయ్యి పడ్డది," అన్నడు మాణిక్యం. పటేలు మాత్రం ఫికర్ చెయ్యలే. రోడ్డు రేపోమాపో వస్తదని ఆ గీత పొడుగునా దున్నకుండ ఇడిసిపెట్టిండు. ఆయనను చూసి మిగతావాళ్లు కూడా ఇడిసిపెట్టిన్రు. ఖాళీగ ఉన్నదని జనం నడిచిన్రు, ట్రాక్టర్లు నడిచినయి. కొన్నేళ్లకు మొరం పడ్డది. తర్వాత పంచాయతీ సీసీ రోడ్డే పోసింది. పోయి చూడండి. తిన్నగ పోయేది ఉత్తపుణ్యానికి మా చిన్నవ్వ వాకిట్లకు వంగుతది. పటేలు చేనుకు రాంగనే గుండ్రంగ తిరుగుతది. కొత్త ఆటోవాళ్లు అక్కడ బండి ఆపి, దిగి, తల గోక్కుంటరు.

అందుకని మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్న. యంత్రం ఆపకుండ చిన్నవ్వ ఇంటికి పోను. యంత్రం జేబులో పెట్టుకొని కల్లు ముట్టను. కుక్క తరిమితే తిన్నగ ఉరుకుత, సుట్లు తిరగను. నా పేరు నేను ఇగ రాసుకోను.

అందుకే ఇంకొకరు రాయాలె. రోడ్డు మొదట్లో రాయి పాతిన్రు, మాణిక్యం పేరుతోని. నా పేరు కూడా చెక్కమని అప్పటి నుంచి వచ్చిన ప్రతి సర్పంచినీ అడిగిన. అందరిదీ ఒకటే మాట: "జాగ లేదు నర్సింలూ." నేను పోయి చూసిన. రాయి వెనక దిక్కు మొత్తం ఖాళీగ ఉన్నది. పేరు వద్దు. 'స్థానిక సహాయం' అని చెక్కినా సాలు. ఎప్పుడు చెక్కుతరు? జర ఎవరన్నా జవాబు చెప్పండి.